రాళ్లు మోసే చేప

మా ఆయన రాత్రిపూట గాలానికి బెండు కట్టేవారు కాదు. చీకట్లో కనపడని బెండు కోసం కళ్లు పొడుచుకోవడం దేనికి అనేవారు. దారాన్ని చూపుడువేలి మీదుగా పోనిచ్చి, ఆ వేలితోనే ఏటి అడుగున ఏం జరుగుతోందో తెలుసుకునేవారు. నీటి లాగుడు వేరు, నాచు తగులుకోవడం వేరు, చిన్న చేప గీకుడు వేరు. పెద్ద చేప అసలు లాగదు. ఎరను నోట్లో పెట్టుకుని జానెడు ఎగువకు వస్తుంది. అప్పటిదాకా బిగువుగా ఉన్న దారం ఉన్నట్టుండి మెత్తబడుతుంది. ఆ మెత్తదనం వేలికి తెలియాలి. నాకది తెలియడానికి ఒక ఎండాకాలం మొత్తం పట్టింది.

ఆ ఏరు డెలావేర్ నది. అమెరికాలో న్యూజెర్సీకీ పెన్సిల్వేనియాకీ మధ్య పారుతుంది. రెండు వేల పది దరిదాపుల్లో మేం అక్కడికి గంట దూరంలో పార్సిప్పనీలో ఉండేవాళ్లం, మా అమ్మాయి అపార్ట్‌మెంట్‌లో. అమ్మాయి నర్సు. అల్లుడికి కారులో పది గంటల దూరాన ఉన్న నోవై అనే ఊళ్లో కార్ల కంపెనీలో ఉద్యోగం, నెలకొకసారి వచ్చి పోయేవాడు. అమ్మాయి పని చేసే ఆసుపత్రి నది ఒడ్డున ఉన్న ఊళ్లో ఉంది. రాత్రి డ్యూటీ. పొద్దున ఇంటికొచ్చి, కిటికీలకు నల్లటి తెరలు దించి పడుకునేది. మేమిద్దరం ముందుగదిలో టీవీ గొంతు నొక్కేసి, కుక్కరు కూత పెట్టకుండా, సగం మాటలు సైగలతోనే కానిచ్చుకుంటూ పగలు గడిపేవాళ్లం. ఆయన దగ్గొస్తే బయటికెళ్లి దగ్గి వచ్చేవారు.

ఆయన మా ఊళ్లో గోదావరి కాలువ లాకుల దగ్గర లస్కరుగా చేశారు. తలుపులు ఎత్తడం, దించడం, ఏ తూముకు ఎంత నీరు పోతోందో చూడటం, గట్టు మీద తిరగడం. రిటైరయ్యాక అమ్మాయి ఇద్దరినీ తెచ్చుకుంది. వచ్చిన రెండో ఏడు ఆయన కిడ్నీలు పాడయ్యాయని తేలింది. మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. మేం దాన్ని మిషను అనేవాళ్లం. మిషనున్న రోజు ఆయన మనిషి కాదు. మర్నాడు సాయంత్రం దాకా సగం మనిషే. తాగడానికి రోజుకింత అని నీళ్లు కొలిచి ఇచ్చేది అమ్మాయి, గీతలున్న సీసాలో పోసి. కాలువకు నీళ్లు వదిలిన మనిషి ఆ సీసాను వెలుతురుకు ఎత్తిపట్టి, ఇంకెంత మిగిలిందో చూసుకునేవారు. చింతపండు వద్దు, టమాటా వద్దు, ఉప్పు వద్దు. మిషను సూదుల కోసం ఎడమచేతిలో రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ చెవి పెడితే తుమ్మెద తిరిగినట్టు గుయ్యిమని వినిపించేది. రాత్రి నాకు నిద్ర రాకపోతే ఆ చప్పుడు విని, సరే, ఉన్నారు అనుకుని కళ్లు మూసుకునేదాన్ని.

నదికి వెళ్లడం అమ్మాయితో పనిచేసే ఒక అమెరికన్ నర్సు వల్ల మొదలైంది. యాభై దాటిన ఆవిడ, పొడుగాటి మనిషి. ఇల్లు నదిని ఆనుకునే ఉంది. వాళ్ల నాన్న పోతూ వదిలిపెట్టిన గాలాలు గరాజులో దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. మా నాన్న ఇంట్లో గోడలకేసి చూస్తూ కూర్చుంటున్నాడని అమ్మాయి ఒకరోజు చెప్పుకుంటే, తీసుకొచ్చి మా పెరట్లో వదులు, దోమతెర వరండాలో మంచం కూడా ఉంది అందట. అలా ఆదివారం రాత్రులు మావి అయ్యాయి. మధ్యాహ్నం మా తెలుగు చర్చిలో ఆరాధన చూసుకుని, సాయంత్రం అమ్మాయి డ్యూటీకి పోతూ మమ్మల్ని ఆ పెరట్లో దింపేది. పొద్దున డ్యూటీ దిగాక వచ్చి ఎక్కించుకునేది. సోమవారం మిషను లేదు. శనివారం కడిగిన రక్తం ఆదివారానికి ఇంకా తేటగా ఉండేదేమో, వారంలో ఆ ఒక్క రాత్రే ఆయన ముఖంలో రంగు కనిపించేది.

అక్కడ దొరికే చేపను చబ్ అనేవారు. వెండి పొలుసు, మొద్దు మూతి. ఊళ్లో వాళ్లు దాన్ని చేపల్లో జమకట్టరు. మెత్తటి కండ, నిండా ముళ్లు. వాళ్లకు కావలసింది ట్రౌట్. చబ్ పడితే విసుక్కుని నీళ్లలోకి విసిరేస్తారు. ఆ సంగతి అమ్మాయి తెలుగులో చెప్పగానే ఆయన పకపకా నవ్వారు.

"ముళ్లున్నాయని పారేస్తారా? మరి నాలుక దేనికంట వీళ్లకి?"

చిన్నవి పగలే దొరుకుతాయి. పెద్దది కావాలంటే చీకటి పడాలి. మొదటి రెండు మూడు వారాలు ఒక్కటీ పడలేదు. గరాజులో ఉన్న బరువైన సీసం గుండ్లు కట్టి నది నడిమికి విసిరాం. తర్వాత ఆయన గాలం పక్కన పెట్టి ఒక రాత్రంతా ఊరికే కూర్చున్నారు. నీళ్ల చప్పుడు వింటూ. ఒడ్డు కోసుకుపోయి చెట్టు వేర్లు బయటపడ్డ చోట, నీరు నెమ్మదించి కిందికి గుంటపడిన చోట, అప్పుడప్పుడూ తడిబట్ట నేలకేసి కొట్టినట్టు ఒక చప్పుడు వస్తోంది. పెద్దవి నడిమిన లేవు, మన కాళ్ల కిందే ఉన్నాయి అన్నారు పొద్దున.

ఆ తర్వాత పద్ధతి మార్చారు. చెప్పులు విప్పి గడ్డి మీద నడవాలి. అంచుకు రెండు గజాలు వెనకే కూర్చోవాలి. టార్చి వేస్తే ఏటికి వీపు పెట్టి, ఒళ్లో వేసుకోవాలి. పెద్ద గుండు తీసేసి, అసలు దారానికి పక్కగా ఒక చిన్న దారపు ముక్క ముడేసి, దానికి మిరియపు గింజలంత సీసం గుళ్లు నొక్కేవారు. గాలపు ముల్లు దానికి మూరెడు కింద. గుళ్లు ఎన్నో నీటి వేగాన్ని బట్టి. ఉన్నవాటితో ఎర అడుగున ఆగాలి, ఒక్క గుండు తీస్తే కదిలిపోవాలి, అంత సన్నగా ఉండాలి లెక్క. చేప మూతి ఆనితే ఏ బరువూ తెలియకూడదు. ఒక గుండు తీసి, విసిరి, వేలితో చూసి, మళ్లీ లాగి, మళ్లీ గుండు నొక్కి.

"కంసాలి కూడా ఇంత తూచడండీ."

"కంసాలికి తూకం తప్పితే నువ్వు అరుస్తావు. చేప అరవదు. పోతుందంతే."

ఎర రొట్టె. తెల్లటి మెత్తని రొట్టె పీకి ముల్లు కాడకు నొక్కి, చివర్లు వదులుగా వదిలెయ్యాలి, నీళ్లలో పువ్వులా విచ్చుకునేలా. వాన పడి నీరు బురదైతే రొట్టె కనపడదు, అప్పుడు వాసన కావాలి. జున్నులాంటి ఆ దేశపు చీజ్‌లో రొట్టెపిండి కలిపి ముద్ద చేసేదాన్ని. గాలం వేసే ముందు తడిపి నలిపిన రొట్టె ఒక గుప్పెడు ఎగువ నుంచి వదిలేవారు. ఒక్క గుప్పెడే. కడుపు నిండితే మన ఎర ఎందుకు ముట్టుకుంటుంది? గుప్పెడు వేసి, అరగంట చేతులు కట్టుకుని కూర్చుని, అప్పుడు గాలం. ఒకటి పడ్డాక ఆ చోటును వదిలేసి వేరే వేరు కిందికి మారాలి. తెల్లవారుజామున మళ్లీ మొదటి చోటుకు రావచ్చు.

నాకప్పటికి చదువు రాదు. ముళ్ల పొట్లాల మీద నంబర్లుండేవి, ఆయన చదివేవారు. నేను ముల్లును నా బొటనవేలి గోరు మీద పెట్టి కొలుచుకునేదాన్ని. గోరుకు సరిపోతే పెద్ద చబ్‌కు సరిపోతుంది. అక్షరాలు తర్వాత వచ్చాయి, అరవై దాటాక. మా చర్చిలో ఒక పెద్దావిడ కూర్చోబెట్టి దిద్దించింది.

మర్నాడు చేప వండితే ఆయనకు ఒక్క ముక్క. పులుపు లేకుండా, ఉప్పు లేకుండా, నీళ్లలో ఉడికించి మిరియాలు చల్లి. అది తింటూ, ఇంతకంటే అమెరికావాళ్లలాగా నీళ్లలోకి విసిరెయ్యడమే మర్యాద అనేవారు.

రెండో ఏడాది మే నెలలో ఒక ఆదివారం ఇంకా వెలుతురు ఉండగానే చేరాం. వసంతపు వరద తీసి నీరు తేరుకుంది. మేం కూర్చునే చోటుకు కాస్త ఎగువన, మోకాటి లోతు నీళ్లలో ఒక రాళ్ల కుప్ప కనపడింది. చింతగింజంత రాయి నుంచి కోడిగుడ్డంత రాయి దాకా, పెద్ద గంపను బోర్లించినట్టు, శుభ్రంగా. చుట్టుపక్కల రాళ్లన్నీ పాకురు పట్టి నల్లగా ఉంటే ఆ కుప్ప ఒక్కటే తెల్లగా ఉంది. ఆయన చూడగానే ముఖం బిగుసుకుంది.

"ఎవడో అడ్డు వేశాడే."

కాలువ మీద అది ఆయనకు నిత్యం ఉన్న గొడవ. రైతులు రాత్రికి రాత్రి కాలువలో రాళ్లూ గడ్డీ పోసి, నీరు ఎత్తు పెంచి తమ తూములోకి తిప్పుకునేవారు. దిగువ ఊళ్లకు అందేది కాదు. ఈయన తెల్లవారగానే పార పట్టుకుని దిగి లాగేసేవారు. తిట్లు తినేవారు, ఒకసారి దెబ్బలు కూడా. ఇక్కడ ఎవరి పొలమండీ, ఎవరి నీళ్లండీ అంటూనే ఉన్నాను, పంట్లాం పైకి మడిచి దిగిపోయారు. వాచిన కాళ్లతో, ఒక చేత్తో కర్ర పట్టుకుని. నేను చొక్కా పట్టుకుని నిలబడ్డాను. కర్రతో, పాదంతో ఆ కుప్పనంతా చెదరగొట్టి, నీరు సాఫీగా పోతోందో లేదో కాసేపు చూసి గట్టెక్కారు. ఒళ్లంతా తడిసింది. ఎన్నో నెలల తర్వాత ఆయన ఉద్యోగం నుంచి వచ్చిన మనిషిలా కనిపించారు. ఆ రాత్రి నాకు కాలువ కబుర్లు బోలెడు చెప్పారు.

పొద్దున ఆ ఇంటావిడ డ్యూటీ దిగి మా అమ్మాయితో పాటు వచ్చింది. కాఫీ కప్పుతో ఒడ్డుకెళ్లి నీళ్లకేసి చూసింది. తర్వాత అమ్మాయికి ఏదో మెల్లగా చెప్పింది. కార్‌లో అమ్మాయి నవ్వుతూనే మొదలుపెట్టింది. నాన్నా, అది నువ్వు పట్టే చేప కట్టుకున్న గూడట, మగచేప ఒక్కో రాయీ నోటితో పట్టుకొచ్చి పేరుస్తుందట, గుడ్లు ఆ రాళ్ల సందుల్లో పెడతాయట. సగంలో అద్దంలో వాళ్ల నాన్న ముఖం చూసి నవ్వు ఆపేసింది.

 గురువారం మిషను మీద ఉండగా, పక్కన కూర్చున్న నన్ను పిలిచి, "గుడ్లు అప్పటికే పెట్టేసి ఉంటుందంటావా?" అని అడిగారు. నాకేం తెలుసు? పెట్టి ఉండదులెండి అన్నాను.

మళ్లీ ఆదివారం వెళ్లాం. పాత చోటుకు నాలుగు అడుగుల ఇవతల కొత్త కుప్ప మొదలైంది, పళ్లెమంత. పొద్దు వాలుతుండగా ఆ చేప కూడా కనిపించింది. తల మీద మొటిమల్లాంటివి, పొట్ట పక్కన ఎరుపు జీర. ఒక రాయిని మూతితో పట్టుకుని, నీటివాలుకు జారిపోతూ, మళ్లీ సర్దుకుంటూ తెచ్చి వదిలింది. రాయి పక్కకు దొర్లితే మళ్లీ పట్టుకుంది. ఆయన గాలం విప్పనే లేదు. మోకాళ్లు పట్టుకుని గట్టు మీద కూర్చుండిపోయారు. చీకటి పడి ఏమీ కనపడకపోయినా అటే చూస్తున్నారు.

"మళ్లీ మొదలెట్టిందే."

"దాని ఇల్లు కదండీ."

"నా వల్ల కాదు."

చేపలాగా ఓపిక లేదని అంటున్నారనుకున్నాను. దేనికండీ అన్నాను.

"మిషను. ఇంక ఆపేద్దామనుకుంటున్నా."

ఏటి ఒడ్డున గొంతు ఎత్తడం మాకు అలవాటు పోయింది. అందుకే నేను అరవలేదు. ఆపేస్తే ఎన్నాళ్లు అని అడిగాను. ఆయన ముందే కనుక్కున్నారు, మిషను దగ్గర పక్క కుర్చీలో కూర్చునే గుజరాతీ పెద్దాయనను అడిగి. రెండు వారాలు, అటూ ఇటూ. నొప్పికి భయపడి కాదన్నారు. వారంలో ఆరు రోజులు ఈ ఒక్క రాత్రి కోసం పడుంటున్నాను, ఇప్పుడు ఈ రాత్రికి కూడా కాళ్లు సహకరించడం లేదు అన్నారు. పిల్ల ఏమైపోవాలి అన్నాను. మిషను మీద కూర్చోబెట్టింది అది, నీళ్లు కొలిచేది అది, డాక్టర్లతో మాట్లాడేది అది.

"దానికి నేనే చెబుతాను. నువ్వు చెప్పకు."

ఎప్పుడు చెప్పాలో కూడా ఆయన ఆలోచించి పెట్టుకున్నారు. ఇంట్లో పగలంతా అమ్మాయి నిద్ర. సాయంత్రం లేచిన గంటకే పరుగు. కార్‌లో చెప్పకూడదు. రాత్రంతా మేలుకున్న పిల్ల, చేతిలో స్టీరింగు ఉండగా అలాంటి మాట అనకూడదు. ఒక ఆదివారం సెలవు పెట్టి తను మాతోపాటు ఏటి దగ్గర కూర్చోవాలి. అప్పుడు చెబుతారు. అంతవరకు మిషనుకు వెళతారు.

ఆ ఎండాకాలం మొత్తం దాని చుట్టూనే తిరిగింది. ఆదివారం వచ్చేసరికి ఆయన, ఈసారి నువ్వూ ఉండకూడదా తల్లీ అనేవారు. అమ్మాయి ప్రతిసారీ, నెక్స్ట్ వీక్ ఖచ్చితంగా నాన్నా, ఈ వీక్ స్టాఫ్ లేరు, ఓవర్‌టైమ్ తీసుకున్నాను అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నా గుండెల మీద నుంచి బండ దిగినట్టు ఉండేది. అమ్మాయి రాకపోతే ఆయన చెప్పరు. చెప్పకపోతే మంగళవారం పొద్దున చొక్కా వేసుకుని మిషనుకు బయల్దేరుతారు. ఇంకో వారం. ఆయన మాత్రం దారి పొడుగునా కారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవారు.

చర్చిలో కూడా కష్టంగా ఉండేది. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు ఆయన తల మీద చేయిపెట్టి స్వస్థత కోసం, దీర్ఘాయుష్షు కోసం ప్రార్థన చేసేవారు. అంకుల్, మీ కోసం ఉపవాసం ఉన్నాం అని పిల్లలు కూడా చెప్పేవారు. ఆయన తల వంచుకుని నిలబడేవారు. ఒకసారి బయటికొచ్చాక, పాపం వాళ్లు అంత గట్టిగా అడుగుతుంటే సిగ్గేస్తోందే అన్నారు. నేనూ ఆమేన్ అంటూనే ఉన్నాను, వాళ్లకంటే గట్టిగా.

ఆగస్టు వచ్చేసరికి ఆయన గాలం విసరలేకపోయారు. నేను విసిరి గాలం కర్ర ఆయన ఒళ్లో పెట్టేదాన్ని. వేలు మాత్రం దారం మీద ఆయనదే. ముడులు నేనే వేసేదాన్ని, ఉమ్ముతో తడిపి, మెల్లగా బిగించి, పళ్లతో కొస కొరికి. గుళ్లు ఎన్నో మాత్రం ఆయన చెప్పాల్సిందే. గొంతు ఎండిపోయి మాట రాకపోతే వేళ్లు చూపించేవారు. ఒక్కోసారి ఒడ్డున బోర్లా పడుకుని మోచేతిదాకా చేయి నీళ్లలో పెట్టి అలాగే ఉండిపోయేవారు. తాగుతారేమోనని నేను చూస్తూ ఉండేదాన్ని. తాగేవారు కాదు. అమ్మాయికి మాటిచ్చారు.

సెప్టెంబరులో ఒక ఆదివారం సాయంత్రం అమ్మాయి నీలం డ్యూటీ బట్టల్లో కాకుండా మామూలు చుడీదార్‌లో గదిలోంచి వచ్చింది. చేతిలో ఫ్లాస్కు, రెండు దుప్పట్లు. ఈరోజు ఆఫ్ పెట్టాను అంది. ఆయన ముఖం వెలిగింది.  నేను వంటింట్లో ఏదో మరిచిపోయానని వెళ్లి, వంటగట్టు పట్టుకుని కాసేపు నిలబడి వచ్చాను.

ఏటి దగ్గర ఆయన గాలం అమ్మాయి చేతికిచ్చారు. చిన్నప్పుడు లాకుల దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పారు కానీ దానికి ఏమీ గుర్తులేదు. రొట్టె ఇంత గట్టిగా నొక్కుతావేంటి, ఇంజెక్షన్ అనుకున్నావా అని కసురుకున్నారు. అమ్మాయి నవ్వింది. చీకటి పడింది. నేను వెనకగా దుప్పటి కప్పుకుని కూర్చున్నాను.  ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.  చివరికి మాట్లాడింది అమ్మాయి.

"నాన్నా, డయాలసిస్ మధ్యలోనే తీసెయ్యమంటున్నావంట. పోయిన వారం, అంతకుముందు వారం. సెంటర్ వాళ్లు నాకు కాల్ చేశారు."

"చెప్పేశారా."

"మా ఫ్లోర్‌లో ఫ్యామిలీస్‌ని కూర్చోబెట్టి నేనే చెబుతాను నాన్నా. మీకేం కావాలో కాదు, పేషెంట్‌కి ఏం కావాలో అడగండి అని. డైలీ చెబుతా. ఇక్కడికి వస్తే నిన్ను అడగాల్సి వస్తుందని నేను రాలేదు. స్టాఫ్ లేరని అబద్ధం చెప్పాను."

ఆయన "ఇప్పుడొచ్చావుగా. అడుగు మరి" అన్నారు.

దాని గొంతు చిన్నపిల్ల గొంతయిపోయింది. "ఆపేద్దామా నాన్నా?"

"ఆపేద్దాం తల్లీ."

నేను దుప్పటి నోటికి అడ్డం పెట్టుకున్నాను.   ఆయన చేయి వెనక్కి చాపితే పట్టుకున్నాను. అమ్మాయి ఏడుస్తూనే ఉంది, గాలం చేతిలో పట్టుకునే. ఉన్నట్టుండి ఏడుపు ఆపి, "నాన్నా, దారం ఏంటో వదులైంది" అంది.

"లాగవే! లాగు!"

ఆ రాత్రి గట్టిగా అన్న మాట అదొక్కటే. అమ్మాయి లాగింది. కర్ర వంగిపోయింది. చేప నేరుగా వేర్ల కిందికి పోయింది. అటు పోనీకు, కర్ర పక్కకు వాల్చు, రీలు తిప్పకు, ఆపు అంతే అని ఆయన పాకుతూ ముందుకొచ్చారు. అమ్మాయి అంచుదాకా జారి ఒక కాలు నీళ్లలో వేసింది. నేను వెనక నుంచి దాని చున్నీ పట్టుకున్నాను. వల లేదు, వరండాలో మరిచిపోయాం. ఆయనే రెండు చేతులూ పెట్టి చెంపల దగ్గర పట్టుకుని గడ్డి మీదికి తోశారు. టార్చి వేసి చూస్తే ఆయన మోచేతి నుంచి వేళ్ల దాకా ఉంది. అంత పెద్దది అంతకుముందు మాకు పడలేదు. అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ, ఏడుస్తూ, నవ్వుతూ, వదిలేద్దామా నాన్నా అంది.

"ఎందుకు వదలడం? పులుసు పెట్టమను మీ అమ్మని. చింతపండు పోసి."

ఉప్పు, పులుపు అని రెండేళ్లుగా లెక్కపెట్టిన పిల్ల వాళ్ల నాన్నకేసి చూసింది. చూసి, సరే అంది.

సోమవారం పగలు పులుసు పెట్టాను. అమ్మాయి పడుకోలేదు. తెరలు తీసేసి, ఉల్లిపాయలు తరిగి ఇచ్చింది. ఆయన పీట వేయించుకుని నేల మీద కూర్చుని, ఒక్కో ముల్లూ ఏరి కంచం అంచున పేర్చుకుంటూ తిన్నారు. ఎక్కువ తినలేకపోయారు. వేళ్లు చప్పరించి, ఉప్పు సరిపోయిందే అన్నారు. అల్లుడికి అమ్మాయి ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రే బయల్దేరి, ఇంకా మంచు పడని రోజులే కదా అని నోవై నుంచి కార్‌లోనే వచ్చేశాడు.

ఆయన ఆ నెల దాటలేదు. ఇంట్లోనే, ముందుగదిలో మంచం మీద, ఎక్కువ నిద్రలోనే పోయారు. దాన్ని గురించి నాకు రాయడానికి ఏమీ లేదు. మనసులో నిలిచిపోయింది పులుసు తిన్న మర్నాడు, మంగళవారం పొద్దున.

ఆయనకు అలవాటు కొద్దీ ముందే మెలకువ వచ్చింది. మిషనుకు వేసుకునే వదులు చేతుల చొక్కా తొడుక్కుని మంచం మీద కూర్చున్నారు. నేను చూసి, ఏంటండీ ఇది అంటే, ఓ, మరిచిపోయానే అన్నారు. విప్పలేదు. అలాగే కూర్చున్నారు. కాసేపటికి ఫోన్ మోగింది. అమ్మాయి వంటగదిలో తీసి ఇంగ్లీషులో మాట్లాడింది. ఆసుపత్రిలో మాట్లాడే గొంతు, నిదానంగా, ఎక్కడా తడబడకుండా. మధ్యలో వాళ్ల నాన్న పేరు, పుట్టిన తేదీ చెప్పింది. ఫోన్ పెట్టేసి గదిలోకి వచ్చి ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.

"ఎవరమ్మా?" అన్నారు ఆయన.

"సెంటర్ వాళ్లు నాన్నా. నీ కుర్చీ ఇంకొకరికి ఇవ్వొచ్చా అని."

"ఇచ్చెయ్యమను. పాపం, ఎవరు కాచుకున్నారో."

"ఇచ్చెయ్యమన్నాను" అని అమ్మాయి ఆయన చొక్కా బొత్తాలు ఒక్కొక్కటీ విప్పసాగింది.